మొదటి 'చాలు' మాత్రమే చెల్లును

సన్యాసమ్మ రొమ్ములో పాలు ఎండగొట్టింది మీరే. ఎండల మీదకి నెట్టకండి, ఆమె తలరాత మీదకి నెట్టకండి. మేనేజింగ్ డైరెక్టరు చక్రపాణిరావు గారూ, పర్సనల్ మేనేజరు శేషశయనం గారూ, పట్నం నుంచి దిగిన ఆరోగ్య సలహాదారు డాక్టరు నిరంజన్ గారూ, మీరు ముగ్గురే. ఇందుకు మీకు కత్తి కూడా అవసరం కాలేదు. ఒక్క మాట సరిపోయింది. 'చాలు' అనే మాట.

ఎలా చేశారో మీకు తెలుసు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను.

మాది సహకార చక్కెర ఫ్యాక్టరీ. యార్డులోకి వచ్చే బళ్ళ లెక్క రాసేది నేను. సీజను మొదలైతే ఎడ్లబళ్ళూ ట్రాక్టర్లూ రోడ్డు పొడుగునా బారులు తీరతాయి. ఆ చెరకు మోపులు నెత్తికెత్తుకుని దించే కలాసీలకి కూలి తక్కువ. తక్కువ కాబట్టే మధ్యాహ్నం క్యాంటీనులో కడుపునిండా అన్నం పెడతామని యాజమాన్యం ఒప్పుకుంది. ఆ అన్నం దానం కాదు, కూలిలో భాగం. చాలామందికి రోజు మొత్తం మీద అన్నం అనదగ్గది అదొక్కటే. సన్యాసమ్మకైతే మరీను. యార్డులో రేకుల షెడ్డు కింద పాత చీర ఉయ్యాలలో ఆమె పసిగుంటడు ఉంటాడు. ఇంకా పళ్ళు రాలేదు. వాడికి తల్లిపాలు తప్ప మరో దారి లేదు, ఆ పాలకి క్యాంటీను అన్నం తప్ప మరో దారి లేదు.

ఇది ఇలా ఉండగా చక్రపాణిరావు గారి ప్యాంటు గుండీ ఊడింది.

లావుగా ఉండడం నేరమని నేననను. ఆయన పొట్ట ఆయనది. డాక్టర్లు తగ్గమన్నారు. ఆయన ఎక్కడో కొండల మీద ఆశ్రమంలాంటి హోటలుకి వెళ్ళి, పచ్చిక మీద కూర్చుని, ఒక మాట నేర్చుకుని వచ్చారు. ఆకలైనప్పుడే తినాలి, నిండేలోగా ఆపాలి, పొట్ట ఏం చెబుతుందో వినాలి. మాట మంచిదే. బల్లనిండా పదార్థాలున్నవాడికి అంతకంటే మంచి మాట ఉండదు. ఆయన ఇంటికెళ్ళి, తన పొట్ట దగ్గర కూర్చుని, అది చెప్పేది విని ఉంటే నేనిది రాసేవాణ్ణి కాదు. కానీ ఆయన అధికారి. అధికారి చెవిన మంచి మాట పడితే తాను పాటించేలోగా కిందివాళ్ళ చేత పాటింపజేస్తాడు.

వచ్చిన వారంలోనే నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, అతిభోజనము కర్మాగార ప్రగతికి ప్రతిబంధకముగా పరిణమించినందున, సమగ్ర క్షుధా శ్రవణ పథకము తక్షణమే అమలులోనికి వచ్చును. భోక్త తన ఉదర సంకేతమును ఆలకించి 'చాలు' అని ఉచ్చరించిన మరుక్షణము వడ్డన నిలిపివేయవలెను. మొదటి 'చాలు' మాత్రమే చెల్లును."

భోక్త అంటే ఎవరని యార్డులో పెద్ద చర్చ జరిగింది.

"కొత్తగా వొచ్చిన ఇంజినీరేమో" అన్నాడు కలాసీల మేస్త్రీ లచ్చుము.

"ఇంజినీరైతే మన క్యాంటీనుకి ఎందుకొస్తాడ్రా? ఆళ్ళకి ఏరే ఉంది కదా" అన్నారు మిగతావాళ్ళు.

భోక్త తామేనని వాళ్ళకి మధ్యాహ్నం తెలిసింది.

ఇక్కడ మా వైపు భోజనం గురించి ఒక సంగతి చెప్పాలి. 'చాలు' అంటే చాలని కాదు. గరిటె కంచం మీదకి రాగానే చేయి అడ్డం పెట్టి "సాలు సాలు" అనడం మర్యాద. అననివాడు తిండిపోతు. వడ్డించేవాడు ఆ చేతిని తప్పించి ఇంకో గరిటె వేయడం కూడా మర్యాదే. వేయనివాడు పిసినారి. తినేవాడూ పెట్టేవాడూ ఇద్దరూ మంచివాళ్ళనిపించుకోవాలంటే ఈ తగాదా జరిగి తీరాలి. మా క్యాంటీనులో వడ్డించే పార్వతీశం ఈ విద్యలో ఆరితేరినవాడు. "మొదటి సాలు మర్యాదకి. రెండోది పక్కోడు ఇనడానికి. మూడోసారి మొకం చూసి నానే ఆగుతాను" అనేవాడు.

ఆ రోజు పార్వతీశం పక్కన శేషశయనం గారు నిలబడ్డారు. టై కట్టుకున్నారు. సన్యాసమ్మ కంచం చాపింది. ఒక గరిటె అన్నం పడింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఉన్న అలవాటు కొద్దీ ఆమె చేయి అడ్డం పెట్టి, "సాలు మావా" అంది.

"ఆపుము!" అన్నారు శేషశయనం గారు.

పార్వతీశం గరిటె గాలిలో ఆగింది. సన్యాసమ్మ కంచం వంక చూసుకుంది. గరిటె వంక చూసింది. తర్వాత నవ్వింది. ఇదేదో పరాచికం అనుకుంది.

"ఎయ్యి మావా, ఎయ్యి. బాబుగారు సరదాకి అన్నారు."

"అమ్మా, సరదా కాదు. నీ ఉదరం మాట్లాడింది. మేము గౌరవించాము" అన్నారు శేషశయనం గారు.

"ఉదరమా? అదెవులు బాబూ? మాటాడింది నాను కదా!"

"నీ నోట నీ కడుపే పలికింది."

"నా కడుపు ఇంకో నాలుగు గరిటెలు ఎయ్యమంటంది బాబూ. సాలన్నది నా సిగ్గు."

సిగ్గు అనే అవయవం గురించి నోటీసులో ఏమీ లేదు. అందుకని వరస ముందుకి కదిలింది.

ఆ రోజు క్యాంటీనులో అందరూ ఒక్కొక్క గరిటెతో లేచారు. అందరూ మర్యాదస్తులే మరి. నోరు మూసుకుందామని మర్నాడు గట్టిగా అనుకుని వచ్చారు. రానైతే వచ్చారుగానీ, గరిటె కనపడగానే ఎవరి నోరు వాళ్ళ మాట వినలేదు. ముసలి కలాసీ ఒకడు అన్నం పడకముందే "సాలు" అనేసి ఖాళీ కంచంతో నిలబడ్డాడు. శేషశయనం గారు అతని భుజం తట్టి, ఆ వారం 'ఆదర్శ శ్రోత' అతనేనని ప్రకటించారు. అతని ఫొటో బోర్డు మీద పెట్టారు. ఫొటోలో కూడా ఆకలిగానే ఉన్నాడు.

లచ్చుము కొంచెం బుర్ర ఉన్నవాడు. శేషశయనం గారి దగ్గరకెళ్ళి చేతులు కట్టుకుని, "నోటీసులో 'చాలు' అని ఉందండి. మావోళ్ళు అంటన్నది 'సాలు' అండి. సాలంటే నాగలి సాలండి. అన్నం సూసేసరికి పొలం గేపకమొచ్చి అంటన్నారండి. దానికీ దీనికీ సమ్మందం నేదండి" అన్నాడు.

యాజమాన్యం తేలిగ్గా తీసుకోలేదు. దీని మీద మీటింగు పెట్టారు. జీడిపప్పు పెట్టారు. సాయంత్రం దాకా తర్కించి, "చకార సకారముల భేదము ఉదరమునకు వర్తించదు" అని తీర్మానించారు. అలాంటి తీర్మానం భాషా పండితులు కూడా చేయలేదు.

అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఆఫీసర్ల భోజనాల గదిలో ఈ నిబంధన ఎవరినీ ఏమీ చేయడం లేదు. వాళ్ళు 'చాలు' అనరు. "ఇనఫ్, ఇనఫ్" అంటారు. ఇనఫ్ అన్న మాట నోటీసులో లేదు. కాబట్టి బేరరు వేస్తూనే ఉంటాడు, వాళ్ళు ఇనఫ్ అంటూనే ఉంటారు, చక్రపాణిరావు గారి కంచంలో పూతరేకులు పడుతూనే ఉంటాయి. మాట తెలిసినవాడికి మర్యాదా దక్కింది, మారు వడ్డనా దక్కింది.

ఆఫీసర్ల గదిలో గిన్నెలు కడిగే మనిషి ఈ రహస్యం సన్యాసమ్మ చెవిన వేసింది. సన్యాసమ్మ మోపులు దించుతూ పొద్దంతా ఆ మాట వల్లె వేసుకుంది. మధ్యాహ్నం గరిటె పడగానే చేయి అడ్డం పెట్టి, నవ్వుతూ, "ఇనప మావా, ఇనప" అంది.

శేషశయనం గారు తెల్లబోయారు. పక్కనే డాక్టరు నిరంజన్ గారున్నారు. ఆయన్ని పథకం పర్యవేక్షణకి కొత్తగా తెప్పించారు. ఆయన కళ్ళు మెరిశాయి.

"విన్నారా? శరీరం ఎంత జ్ఞాని! బాలింతకి రక్తహీనత. ఆమె దేహం అన్నం అడగడం లేదు, ఇనుము అడుగుతోంది. ఇదీ శ్రవణం అంటే!"

ఆమె చేతిలో రెండు ఎర్రటి ఐరన్ మాత్రలు పెట్టి, అన్నం గరిటె ఆపించారు.

"ఏటి బాబూ ఇవి?"

"నువ్వడిగినవే."

"నాను కూడడిగినాను."

"నీ మనసు కూడు అడిగింది. దేహం ఇనుము అడిగింది. మనసు ఆకలికీ కడుపు ఆకలికీ తేడా తెలుసుకోవడమే ఈ పథకం లక్ష్యం. మనం బాధలో ఉన్నప్పుడు, విసుగ్గా ఉన్నప్పుడు అనవసరంగా తింటాం. ఫ్రిజ్జు తెరుస్తాం. అది మనసు ఆకలి."

"ఫిర్జు నేదు బాబూ నాకు. ఇసుగు మాత్రం ఉంది. అది కూడుండగా ఎప్పుడూ రానేదు."

డాక్టరు గారు ఈ మాటని చాలా మెచ్చుకున్నారు. ఎందుకు మెచ్చుకున్నారో ఆమెకి తెలియలేదు. మాత్రలు కొంగున కట్టుకుని యార్డుకి పోయింది.

నోరు తెరిస్తే ప్రమాదమని అర్థమై, జనం అసలు మాట్లాడడమే మానేశారు. కంచం చాపి, పెదాలు బిగించి, రాయిలా నిలబడడం మొదలుపెట్టారు. రెండు రోజులు అన్నం బాగానే పడింది. మూడో రోజు ఇంకో నోటీసు వచ్చింది. మాట్లాడనివారి ఉదరము ఇంకను మేల్కొనలేదని భావించవలెను, కావున వడ్డనకు ముందు ప్రతివారూ కన్నులు మూసుకొని ఆకలి ధ్వనిని ఆలకించి, ధ్వని నిర్ధారణ అయిన పిమ్మటనే కంచము చాపవలెను. నిర్ధారించేది డాక్టరు గారు. స్టెతస్కోపు ఒకటే ఉంది. కలాసీలు వందల్లో ఉన్నారు. వరస సగం కాకముందే సైరను కూసేది. కూసిన సైరనులో ఎవరి పొట్ట చప్పుడూ వినబడేది కాదు. వినబడనివాడికి ఆకలి లేనట్టే.

ఇక ఫలితాలు చూపించాలి. పథకం పెట్టినవాడికి ఫలితం కావాలి, అన్నం అడిగినవాడి సంగతి తర్వాత. మనుషుల్ని తూచడానికి ఫ్యాక్టరీలో వేరే తూకం లేదు. చెరకు కాటా ఉంది. బండిని బండిగా తూచే కాటా. కలాసీలందర్నీ గుంపుగా దాని మీదకి ఎక్కించారు.

ఆ కాటా గురించి రైతులకి కొత్తగా చెప్పనక్కరలేదు. దాని మీదకి ఏది ఎక్కినా తేలికైపోతుంది. చెరకు తేలికవుతుంది, బండి తేలికవుతుంది, రైతు గట్టిగా అడిగితే అతనూ తేలికవుతాడు. కాటా సరిగ్గానే ఉందని యాజమాన్యం ఏటేటా రాసిస్తూనే ఉంది. కాబట్టి ఇప్పుడు అది తప్పని అనడానికి వాళ్ళకే వీల్లేదు. ముల్లు కదిలింది. పనిలో చేరినప్పటి ఆసుపత్రి చీటీల లెక్క కన్నా సిబ్బంది బరువు బ్రహ్మాండంగా తగ్గిందని తేలింది. చక్రపాణిరావు గారు కూడా ముచ్చటపడి ఎక్కారు. ఆయన కూడా తగ్గారు! కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "నా పొట్ట నాతో మాట్లాడుతోందయ్యా శేషశయనం" అన్నారు. ప్యాంటు గుండీ మాత్రం ఆ సంగతి నమ్మలేదు.

బండి దించడానికి వచ్చిన గవరయ్య అనే రైతు ఇదంతా చూస్తూ చుట్ట తీసి, "నిరుడు నా సెరుకు కూడా ఇలాగే పొట్ట మాట ఇనీసింది బాబూ" అన్నాడు. అతన్ని గేటు బయటకి పంపించారు.

బరువు ఇంత తగ్గిందంటే ఆకలి తగ్గినట్టే కదా. ఆకలి తగ్గిందంటే క్యాంటీను దేనికి? ఈ రెండు వాక్యాలనీ కలపడానికి ముగ్గురు ఆఫీసర్లు ఒక పూట కూర్చున్నారు. పొయ్యి ఆర్పేశారు. పార్వతీశాన్ని గన్నీ సంచుల గోడౌనుకి మార్చారు. క్యాంటీను గోడలకి లేత ఆకుపచ్చ రంగు వేసి, బల్లలు తీసేసి, చాపలు పరిచి, 'క్షుధా శ్రవణ మందిరము' అని బోర్డు పెట్టారు. మధ్యాహ్నం సైరను కూయగానే కలాసీలు అందులో కూర్చుని కళ్ళు మూసుకుని తమ ఆకలిని వినాలి. మళ్ళీ సైరను కూస్తే లేచి వెళ్ళి మోపులు ఎత్తాలి.

విన్నారు. బాగా వినబడింది. మందిరం కదా, ప్రతిధ్వని కూడా వచ్చింది.

ఆ వారంలోనే సన్యాసమ్మకి పాలు తగ్గాయి. ఆ పై వారం పూర్తిగా ఆగిపోయాయి. గుంటడు రొమ్ము పట్టేవాడు, వదిలేసేవాడు, ఏడ్చేవాడు. యార్డులో ఆడవాళ్ళు ఇంటి దగ్గర తాగే గంజిలోంచి కాస్త తీసి పంచదార కలిపి పట్టేవారు. చక్కెర ఫ్యాక్టరీ కదా, ఆ పంచదార కూడా గేటు బయట కొట్లో కొనుక్కోవాల్సిందే. వాడు కక్కేసేవాడు. చేతులు పుల్లల్లా అయ్యాయి.

ఒకరోజు ఆమె గుంటణ్ణి ఎత్తుకుని ఆఫీసులోకి నడిచింది. వెంట లచ్చుము ఉన్నాడు, నేనూ ఉన్నాను. లోపల శేషశయనం గారూ డాక్టరు గారూ కాఫీ తాగుతున్నారు. గుంటడు ఆపకుండా ఏడుస్తున్నాడు.

"బాబూ, నాకు పాలు పడ్డం నేదు. క్యాంటీను తెరిపించండి. నాకొక్కర్తికైనా ఇంత కూడు పెట్టించండి. నా కోసం కాదు, ఈడి కోసం" అంది.

డాక్టరు గారు కప్పు కింద పెట్టి, గుంటణ్ణి చూసి పరవశించిపోయారు.

"శేషశయనం గారూ, చూడండి చూడండి! ఎంత స్వచ్ఛమైన సంకేతం! మొహమాటం లేదు, మనసు ఆకలి లేదు. ఆకలైంది, ప్రకటించాడు. పెద్దవాళ్ళం మరిచిపోయిన విద్య ఇదే. ఈ శిశువుని మన పథకానికి చిహ్నంగా పెట్టుకుందాం. బొమ్మ గీయిద్దాం."

"ఆడికి బొమ్మొద్దు బాబూ. పాలు కావాల."

శేషశయనం గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, సానుభూతితోనే చెబుతున్నాను. శిశువు కర్మాగార ఉద్యోగి కాదు. అతని ఆకలి మా పరిధిలోనికి రాదు. నీ విషయానికొస్తే, నీవు గతంలో పలుమార్లు 'చాలు' అని స్వయంగా పలికియున్నావు. సాక్షులున్నారు."

"మరియాదకి అన్నాను బాబూ! మీ ఇంటికొచ్చిన సుట్టం సాలంటే మీరు ఇస్తరి లాగేత్తారా?"

శేషశయనం గారు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, నేను కళ్ళారా చూశాను. తర్వాత, "మా ఇంటికి ఈ పథకం వర్తించదు" అన్నారు.

సన్యాసమ్మ బయటకొచ్చింది. యార్డులో ఆమె వంతు మోపు బండి మీద ఉంది. దాన్ని ముట్టుకోలేదు. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని బండి నీడన కూలబడింది. లచ్చుము తలగుడ్డ విప్పి పక్కన కూర్చున్నాడు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. సాయంత్రానికి యార్డులో నిలబడి ఉన్నవి ఎడ్లు మాత్రమే. చెరకు దిగలేదు. గానుగలు ఖాళీగా తిరిగి తిరిగి ఆగాయి.

మర్నాడు పొద్దున్న చక్రపాణిరావు గారే స్వయంగా యార్డుకొచ్చారు. ఆయన కాటా దాటి యార్డు లోపలికి రావడం మేం చూడడం అదే మొదలు. పక్కన శేషశయనం గారు, వెనక గొడుగు పట్టిన బంట్రోతు.

"ఏమిటర్రా ఇది? నేను మీ తండ్రిలాంటివాణ్ణి. ఏం కావాలో నోరు విడిచి చెప్పండి."

లచ్చుము లేచి చేతులు కట్టుకున్నాడు. పాత అలవాటే వాడి నోటికొచ్చింది. "అబ్బే, ఏటీ నేదు బాబూ, ఏదో తమ దయ..."

"ఉండ్రా మేస్త్రీ!" సన్యాసమ్మ అరిచింది. ఆ గొంతు మేమెప్పుడూ వినలేదు. "ఏటీ నేదా? ఏటి నేదో సెప్పు! నీ సిగ్గు, నా సిగ్గు, ఈళ్ళు మన సిగ్గుని కొల్సుకుని మన కూడు లాక్కున్నారు. బాబూ, ఇనండి. ఆకలేస్తంది. నాకాకలి, నా గుంటడికి ఆకలి. కూడు కావాల. మల్లీ అడుగుతాను, మల్లీ కావాల. సాలు అనను. ఇంక ఈ జన్మకి అనను."

చక్రపాణిరావు గారు ఏదో చెప్పబోయి శేషశయనం గారి వంక చూశారు. శేషశయనం గారు ఆయన చెవిలో ఏదో చెప్పారు. ఆకలి అధ్యయన ఉపసంఘం వేస్తున్నామనీ, అది సీజను ముగిశాక నివేదిక ఇస్తుందనీ ప్రకటించి చక్రపాణిరావు గారు కారెక్కారు.

సీజను ముగిశాక! అప్పటికి ఆ గుంటడు ఉంటాడో లేదో నివేదికలో రాస్తారా?

కాబట్టి ఉపసంఘం సభ్యులారా, చైర్మన్లారా, సహకార శాఖ పెద్దలారా, మీ ముగ్గురు ఆఫీసర్లతో సహా అందరికీ ఒకటే చెబుతున్నాం. ఈ పూటే ఆ బోర్డు పీకండి. చాపలు చుట్టేయండి. గోడౌనులో సంచులు లెక్కపెడుతున్న పార్వతీశాన్ని పిలిచి గరిటె చేతికివ్వండి. మొదటి కంచం సన్యాసమ్మది, ఆమె లేచేదాకా వడ్డించేవాడు కదలకూడదు. గుంటడికి పాలు యాజమాన్యం ఖర్చుతో ఈ రోజు నుంచే రావాలి, ఆసుపత్రికి మీ కారులోనే తీసుకెళ్ళాలి. ఆ కాటా మీద రైతుల ముందర సరైన తూకపు బాట్లు పెట్టి పరీక్ష చేయించండి. చక్రపాణిరావు గారికి నిజంగానే బరువు తగ్గాలనుంటే మేం సాయం చేస్తాం. యార్డులో మోపులకి లోటు లేదు, ఒక బండి ఆయన దించవచ్చు. తర్వాత వచ్చి మా పక్కన కూర్చుంటే, మా అన్నమే పెడతాం.

ఇవన్నీ జరిగేదాకా ఒక్క చెరకు గడ కూడా గానుగ మొహం చూడదు. మాతో మాట్లాడ్డానికి రేపు రాకండి, ఎల్లుండి రాకండి. ముందు పొయ్యి వెలిగించండి.